మెడ సాచిన తాబేలు

అనగనగనగా, జంతువులు కూడా కుస్తీపట్లు నేర్చుకునే రోజుల్లో, జపాను దేశపు వెదురు కోనలో ఒక దోజో ఉండేది. దోజో అంటే మన తాలింఖానా అన్నమాట. గురువు ఒక ముసలి కొంగ.

తెల్లారగానే గురువు మొదటి మాట ఒకటే. "ముందు మెడ సడలించండి. గడ్డం రొమ్ముకు ఆనించండి. మెల్లగా కుడి భుజం చూడండి, ఎడమ భుజం చూడండి. పట్లు ఆ తరువాతే."

అడవిపందికి అదంతా నామోషీ. "నాకసలు మెడ ఉందా, తిప్పడానికి!" అని పక్కన కూర్చునేది. కోతి గబుక్కున తల విదిలించి "అయిపోయింది గురువుగారూ" అనేది. మిదోరి అనే తాబేలు మాత్రం డొప్పలోంచి మెడ సాచి, శ్రద్ధగా తిప్పుతూనే ఉండేది.

"దాచుకునే మెడకు ఇంత ముస్తాబా!" అని ఆ రెండూ పకపకా నవ్వేవి. మిదోరి మనసు చివుక్కుమనేది. అయినా సాధన మానలేదు.

ఒక చలికాలం ఉదయం తోడేలు వచ్చి గుమ్మంలో నిలబడింది. "నన్ను గెలవలేకపోతే ఈ దోజో నాది. మీరంతా మూటాముల్లె సర్దుకోండి" అంది.

కొంగ తొణకలేదు. "మా పద్ధతి వేరు నాయనా. పడేసినవాళ్లను కాదు, పడి లేచినవాళ్లను మెచ్చుకుంటాం. నువ్వు మూడుసార్లు పడేసినా మాలో ఒక్కరు లేచి నిలబడితే, నువ్వు వెళ్లిపోవాలి."

తోడేలు నవ్వి సరేనంది.

ముందు అడవిపంది దిగింది. ఒక్క విసురుకే తల నేలకు ధనామని తగిలి, కళ్లు బైర్లు కమ్మాయి. తరువాత కోతి. రెండుసార్లు లేచింది గానీ మూడోసారి మెడ పట్టేసింది. "అమ్మో, మెడ!" అంటూ చాప మీదే ఉండిపోయింది.

మిగిలింది మిదోరి. తోడేలు దాన్ని ఒక్క తోపుతో వెల్లకిలా పడేసింది.

"తాబేలు వెల్లకిలా పడ్డాక ఇంకేం లేస్తుంది!" అని తోడేలు ఇకిలించింది. మిదోరికి భయమేసింది. అయినా మెడ బారుగా సాచి, తల నేలకు ఆనించి, ఒక్క నెట్టు నెట్టింది. డొప్ప తిరగబడింది. నాలుగు కాళ్లూ నేల మీద ఆనాయి!

రెండోసారీ అలాగే లేచింది. మూడోసారి తోడేలు కసికొద్దీ విసిరింది. మిదోరి బొంగరంలా తిరిగి గోడవార పడింది. ఎడమకు మెడ వంచితే గోడ అడ్డొచ్చింది. ఊపిరి బిగబట్టి కుడికి వంచి, బలమంతా మెడలోకి తెచ్చుకుని నెట్టింది. లేచింది!

దోజో దద్దరిల్లిపోయింది. తోడేలు తోక ముడిచింది. మర్నాడు పొద్దున్నే అడవిపంది, కోతి మిదోరికి చెరో పక్కనా నిలబడి, లేని మెడనూ పట్టేసిన మెడనూ బుద్ధిగా తిప్పసాగాయి.

కాబట్టి పిల్లలూ, చిన్న సాధన కదా అని చిన్నచూపు చూడకండి. పడిన నాడు లేపి నిలబెట్టేది అదే.