పక్క గోడ దగ్గర నుంచి చూసిన టీవీ

తునికికోన అనే అడవిలో జింకలు, కుందేళ్ళు, ఉడుతలు, తాబేళ్ళు, నెమళ్ళు, ముళ్ళపందులు కాపురముండేవి. అన్ని అడవుల్లోలాగే అక్కడా తగవులు ఉండేవి. కానీ ఆదివారం సాయంత్రం మాత్రం ఏ జంతువూ ఇంకో జంతువు జోలికి వెళ్ళేది కాదు. ఎందుకంటే ఆ సాయంత్రం మైదానంలో తెల్లటి తెర కట్టి సినిమా వేసేవారు. సినిమా ఉందంటే తునికికోనలో పొయ్యి మీద అన్నం మాడినా ఎవరికీ పట్టేది కాదు.

వానలు మొదలవగానే ఆ తెర విప్పేసేవారు. ఇక నాలుగు నెలలు సినిమా లేదు. అందుకే ఈమధ్య కొందరు ఇళ్ళల్లోకి టీవీలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వాగు మీద నీటిచక్రం ఒకటి తిరుగుతుండేది, దాంతో ఇంటింటికీ కరెంటు వచ్చేది. అడవిలో కరెంటేమిటని అడగకండి. ముళ్ళపంది మాట్లాడుతుందంటే ఒప్పుకునేవాళ్ళు కరెంటుకి కూడా ఒప్పుకోవాలి.

ఆ అడవిలో సూదయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. ఆయనకి ఒక్కతే కూతురు, పేరు రేగి. ఎండాకాలం చివర్లో రేగి రాతిగుట్ట మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఎలుగుబంటి వైద్యుడు వచ్చి కట్టు కట్టాడు. "వానలు వెలిసేదాకా ఈ కాలు కింద పెట్టకూడదు" అని చెప్పి వెళ్ళాడు.

మొదటి వారం నేస్తాలందరూ వచ్చారు. కుందేలు పిల్ల గరిక వచ్చింది. జింక పిల్ల వచ్చింది. ఉడుతలు రెండూ వచ్చాయి. తాబేలు కూడా పొద్దున బయలుదేరి సాయంత్రానికి చేరాడు. రెండో వారం ఇద్దరే వచ్చారు. మూడో వారం గరిక ఒక్కతే వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఎలా ఉందే?" అని అడిగి వెళ్ళిపోయింది. పిల్లలన్నాక అంతే మరి, ఎంతసేపని కాలి కట్టు చూస్తూ కూర్చుంటారు? కానీ రేగి రోజంతా గడ్డి పరుపు మీద పడుకుని గుమ్మం వైపే చూసేది. అది చూసి సూదయ్య గుండె తరుక్కుపోయేది.

"ఇంట్లో ఒక టీవీ పెడితే సినిమా కోసమైనా పిల్లలు వస్తారు" అనుకున్నాడు. ఆయన దగ్గర దాచుకున్న ఇప్పపువ్వు బస్తా ఒకటుంది. దానికి ఒకే ఒక్క టీవీ వస్తుంది. సరైనది తేకపోతే పిల్లలు ఒక రోజు వచ్చి మర్నాడు మానేస్తారు. రేగికి మళ్ళీ గుమ్మం చూడటమే గతి.

బయలుదేరే ముందు కూతుర్ని అడిగాడు.

"ఎలాంటి టీవీ తెమ్మంటావమ్మా?"

"నాకేం నాన్నా, నేను ఎటూ ఎదురుగా ఈ పరుపు మీదే ఉంటాను. వచ్చినవాళ్ళకి బాగా కనబడాలి. అది చూడు" అంది రేగి.

సూదయ్య ఆ మాట పట్టుకుని ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. ముళ్ళపంది ఇంట్లో కూర్చోవడమంటే మాటలు కాదు. అందులోనూ రేగికి నవ్వొస్తే ఒంటి మీద ముళ్ళన్నీ ఒక్కసారి లేచి నిలబడతాయి. అందుకని ఆ ఇంటికి వచ్చినవాళ్ళెవరూ పరుపు దగ్గర కూర్చోరు. ఎడమ గోడకి ఇద్దరు, కుడి గోడకి ఇద్దరు, గుమ్మం పక్కన ఒకరు, ఇలా దూరదూరంగా సర్దుకుంటారు. సూదయ్య టీవీ పెట్టబోయే చోటు నుంచి ఒక్కొక్క చోటికీ ఎన్ని అడుగులో కొలుచుకున్నాడు. తరవాత బస్తా తల మీద పెట్టుకున్నాడు. వీపు మీద వేసుకుంటే దారి పొడుగునా ఇప్పపువ్వు రాలిపోతుంది కదా.

టీవీల కొట్టు నల్లగుండు పక్కన ఉంది. కొట్టు యజమాని కొండలరావు అనే కొండముచ్చు. గోడకి 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని పెద్ద బోర్డు. దాని కింద రెండు టీవీలు పక్కపక్కనే వెలుగుతున్నాయి. ఒకటే పొడుగు, ఒకటే వెడల్పు, ఒకే కంపెనీ. రిమోట్లు కూడా కవలపిల్లల్లా ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే పాట వస్తోంది. పసుపు చీర కట్టుకున్న కథానాయిక పూలతోటలో పరుగెడుతోంది.

"ఈ రెండింటికీ తేడా ఏమిటి కొండలరావూ?" అని సూదయ్య అడిగాడు.

"తేడా ఏముంది సూదయ్యా, ఏది తీసుకున్నా ఒకటే."

"రెండూ ఒకటే అయితే కంపెనీవాళ్ళు ఒకటి చేసి ఊరుకోక రెండెందుకు చేశారు?"

కొండలరావు తోకతో బుర్ర గోక్కున్నాడు. ఇన్నాళ్ళ బేరంలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు.

అంతలో వన్నెరాజు అనే నెమలి కొట్లోకి వచ్చాడు. రంగుల గురించి తనకి తెలిసినంతగా అడవిలో ఎవరికీ తెలియదని వన్నెరాజు నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ నమ్మకం ఆయన తోక కంటే పొడుగు. వస్తూనే టీవీలకి ఎదురుగా నిలబడి పింఛం విప్పాడు. వెనక ఉన్నవాళ్ళకి పింఛం తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఎడమ దాంట్లో చీర చూశారా? పసుపంటే అదీ. నలుపు చూడండి, కాటుకలా ఉంది. కుడి దాంట్లో అన్నీ కాస్త వెలిసినట్టున్నాయి. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు.

సూదయ్య పింఛం పక్క నుంచి తల పెట్టి చూశాడు. వన్నెరాజు చెప్పింది అబద్ధమేమీ కాదు. ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ టీవీయే బాగుంది. అయినా సూదయ్యకి మనసు ఆగలేదు. టీవీల దగ్గర నుంచి అడుగులు కొలుచుకుంటూ ఎడమ గోడ దగ్గరికి వెళ్ళి కింద కూర్చుని చూశాడు. లేచి కుడి గోడ దగ్గర కూర్చుని చూశాడు. తరవాత గుమ్మం పక్కకి వెళ్ళి, తాబేలు తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి దిగి, నేలకి గడ్డం ఆనించి చూశాడు.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇందుకే అన్నారు. ఏమయ్యా, టీవీ కొనడానికొచ్చావా, నేల తుడవడానికొచ్చావా?" అని వన్నెరాజు నవ్వాడు.

సూదయ్య అది వినిపించుకునే స్థితిలో లేడు. ఆయనకి ఒక వింత కనబడింది. గోడ దగ్గర నుంచి చూస్తే, ఎడమ టీవీలో ఆ పసుపు చీర పాలిపోయి మజ్జిగ రంగుకి వచ్చేసింది. కథానాయిక ముఖం బూడిద రాసినట్టుంది. కుడి టీవీలో మాత్రం ఎదురుగా చూస్తే ఎలా ఉందో, గోడ దగ్గర నుంచీ అలాగే ఉంది.

"కొండలరావూ, ఓసారి వచ్చి నా పక్కన కూర్చో."

కొండలరావు వచ్చి, ముళ్ళకి కాస్త ఎడంగా కూర్చుని, చూసి తెల్లబోయాడు.

"నా గద్దె ఎప్పుడూ వీటికి ఎదురుగానే ఉంటుంది సూదయ్యా. ఇటు నుంచి నేనెప్పుడూ చూడనేలేదు."

"ఎందుకిలా అవుతోంది?"

కొండలరావు రెండు టీవీల డబ్బాలూ తెచ్చి, వాటి మీద రాసింది మొదటిసారి పూర్తిగా చదివాడు. "ఎడమది వెలుగుని సూటిగా ముందుకే పంపుతుందట. అందుకే ఎదురుగా ఉన్నవాళ్ళకి రంగు చిక్కగా కనబడుతుంది. కుడిది అన్ని వైపులకీ పంచుతుందట. అందుకని రంగు కాస్త పల్చన. తేడా ఉంది సూదయ్యా. నాకే ఇవాళ తెలిసింది" అన్నాడు.

"గోడకి అతుక్కుని సినిమా చూసేవాళ్ళెవరు? పక్కన కూర్చునేవాళ్ళ కోసం ఎదురుగా కూర్చునేవాళ్ళ రంగు ఎవరైనా పోగొడతారా?" అన్నాడు వన్నెరాజు.

ఆ మాట సూదయ్యకి గట్టిగానే తగిలింది. వాళ్ళింట్లో ఎదురుగా కూర్చునేది రేగి. కుడి టీవీ కొంటే కన్నకూతురికి వెలిసిన రంగులు చూపించాలి. ఎడమది కొంటే గోడ దగ్గరి పిల్లలకి మజ్జిగ చీర చూపించాలి. చివరికి రేగి చెప్పిన మాటే నెగ్గింది. సూదయ్య బస్తా దింపి కుడి టీవీ తీసుకున్నాడు. వన్నెరాజు ఎడమది తీసుకుని, ముళ్ళపందిని చూసి జాలిగా తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచే జోరున వాన. వన్నెరాజు కాకి చేత అడవంతా చాటింపు వేయించాడు. "మా ఇంట్లో కొత్త టీవీ, కొత్త సినిమా. అందరూ రావాలి." పిల్లలందరూ తడుస్తూనే అటు పరుగెత్తారు.

సూదయ్య ఇంట్లోనూ టీవీ వెలుగుతోంది. చూసేది రేగి ఒక్కతే. అది కూడా తెర వైపు కంటే గుమ్మం వైపే ఎక్కువ చూస్తోంది.

"ఎవరూ రారేమో నాన్నా" అంది.

సూదయ్యకి తను కొన్నది తప్పేమోనని మొదటిసారి భయం వేసింది.

అక్కడ నెమలి ఇంట్లో వన్నెరాజు టీవీకి సరిగ్గా ఎదురుగా, నట్టనడుమ కూర్చున్నాడు. పింఛం ఉంది కదా, ఆయన పక్కన ఇంకెవరికీ చోటు లేదు. వచ్చినవాళ్ళందరూ అటు గోడకీ ఇటు గోడకీ సర్దుకున్నారు. సినిమా మొదలైంది.

కాసేపటికి జింక పిల్ల అడిగింది. "వన్నెరాజు మామా, ఇది దెయ్యాల సినిమానా? అందరూ తెల్లగా పాలిపోయి ఉన్నారేమిటి?"

"దెయ్యాలేమిటి? అది పెళ్ళి" అన్నాడు వన్నెరాజు.

"పెళ్ళికూతురు పట్టుచీర కట్టుకోలేదేం?" అంది గరిక.

"ఎర్రటి పట్టుచీర అంత స్పష్టంగా కనబడుతుంటే! మీ కళ్ళల్లో దోషం ఉంది. వెళ్ళి ఎలుగుబంటికి చూపించుకోండి" అని వన్నెరాజు కసురుకున్నాడు. ఆయన కూర్చున్న చోటుకి చీర ఎర్రగానే ఉంది మరి. పక్కకి జరిగి ఒకసారి చూద్దామని ఆయనకి తోచలేదు.

పిల్లలకి కోపం వచ్చింది. సినిమా సగం కాకముందే గరిక లేచింది. దాని వెనక జింక పిల్ల, ఉడుతలు లేచాయి. "పైన పటారం, లోన లొటారం" అని గొణుక్కుంటూ తాబేలు కూడా కదిలాడు.

దారిలో గరిక ఆగింది. "రేగి వాళ్ళింట్లో కూడా టీవీ కొన్నారట. చూసి పోదామా?" అంది.

సూదయ్య గుమ్మంలో తడిసిన కుందేలు చెవులు కనబడగానే రేగి పరుపు మీద లేచి కూర్చుంది. పిల్లలు ఎప్పటిలాగే ఎడంఎడంగా గోడల వెంబడి సర్దుకున్నారు. ఎవరికీ మెడ తిప్పుకోవలసిన అవసరం రాలేదు, లేచి చోటు మార్చుకోవలసిన పనీ పడలేదు. తెర మీద వంటవాడు ఒకడు జారి గంగాళంలో పడ్డాడు. ఎడమ గోడ నవ్వింది, కుడి గోడ నవ్వింది. రేగికి నెల రోజుల తరవాత నవ్వొచ్చింది. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి, ఎవరికీ గుచ్చుకోలేదు. సూదయ్య పొయ్యి ఊదే నెపంతో వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. సినిమా అయిపోయాక కూడా కూర్చుని, రేగితో పోట్లాడి, చింతగింజలాట ఆడి, అమ్మలు పిలిస్తే గానీ లేచేవారు కాదు.

వన్నెరాజు ఇంటికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. ఒక్కడే కూర్చుని నాలుగు సినిమాలు చూశాడు. రంగులు చిక్కగానే ఉన్నాయి. కానీ నవ్వొచ్చే చోట పక్కన నవ్వేవాళ్ళు లేకపోతే నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఐదో రోజు టీవీ మోసుకుని కొండలరావు కొట్టుకి వెళ్ళాడు. కొండలరావు తోకతో బోర్డు చూపించాడు.

ఆ సాయంత్రం వన్నెరాజు సూదయ్య గుమ్మం ముందు వానలో నిలబడ్డాడు. పింఛం తడిసి కిందికి వేలాడుతోంది. లోపలికి రావాలంటే మొహమాటం, వెళ్ళిపోవాలంటే మనసొప్పలేదు.

"రా మామా" అంది రేగి.

వన్నెరాజు వచ్చాడు. ఆమె పరుపు వెనక నిలబడి తెర వైపు చూశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"చూడు తల్లీ, నువ్వు కూర్చున్న చోటుకి నా టీవీయే బాగుండేది. రంగు ఇంకా చిక్కగా కనబడేది" అన్నాడు.

"కనబడేది మామా. కానీ ఒక్కదాన్నే చూసేదాన్ని" అంది రేగి.

వన్నెరాజు పింఛం ముడుచుకుని కుడి గోడ దగ్గర తాబేలు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి పక్క నుంచి సినిమా చూశాడు.

నీతి: మనకి ఎంత బాగుందో చూసి వస్తువు కొంటే సరిపోదు, అది ఎవరెవరి కోసమో వాళ్ళ చోట కూర్చుని చూసి కొనాలి.