గండపెండేరం తొడిగిన ఉదయం

మాటకు మనసును తోడిచ్చి మనిషికి ప్రసాదించిన ఆ తెల్లని తల్లికి మొదటి మ్రొక్కు. నల్లమల చెంత, కృష్ణ ఒడ్డున, చిదంబర సోమయాజిగారి సన్నిధిని చదువుకున్న శితికంఠుడి కథ ఇది.

ఆ సీమ ప్రభువు ఏనుగుశాలకోసం ఇప్పతోపును కొట్టించదలచాడు. ఇప్పపువ్వు ఏరుకుని బ్రతికే కుటుంబాలు గొల్లుమన్నాయి. తోపు నిలవాలన్నదే శితికంఠుడి మాట, సహాధ్యాయి నృహరి మాట. అయినా దివాను పిలిచి, కొట్టడమే ధర్మమని సభలో పలకమంటే ఇద్దరూ పలికారు. నృహరి ముందే బేరమాడి ముంజేతులకు బంగారు మురుగులు తొడిగించుకున్నాడు. శితికంఠుడు మొహమాటస్థుడు, కాదనలేకపోయాడు. అతనికి దక్కింది తాంబూలం.

దారిలో నృహరి నవ్వాడు. "మాట్లాడింది మురుగులురా, నేను కాదు. తోపు ఉండాలనే ఇప్పటికీ అంటాను. మరి నీవో?"

శితికంఠుడికి పౌరుషం వచ్చింది. "ఆకూవక్కకు అబద్ధమాడతానా? నమ్మాను కనుకనే పలికాను."

తెల్లవారేసరికి నిజంగానే నమ్మాడు. చెట్లన్నీ పుచ్చినవే అనిపించింది. ఏనుగులు ఎండకు అల్లాడుతున్నట్లు తోచింది. అయినా లోపల ఏదో ముల్లు. గురువుగారి వద్దకు వెళ్లి, మధ్యాహ్నానికి గొడ్డళ్లు దిగుతాయనీ, ఇన్నాళ్ల తన తలపే తప్పనీ, మనసు మాత్రం కుదుటపడదనీ విన్నవించాడు.

సోమయాజిగారు తమ పాండిత్యానికి ఏనాడో లభించిన గండపెండేరాన్ని కాలినుండి తీశారు. శిష్యుడు వారించేలోపే వంగి, అతని కాలికి తొడిగారు.

"నిన్నటి ప్రసంగానికి ఇదే నీకు దక్కిన సమ్మానమనుకో. ఇప్పుడు చెప్పు నాయనా, ఎందుకు పలికావు?"

శితికంఠుడు మెరిసే కాలివంక చూచుకున్నాడు. "ఇంత ఇస్తే ఎవడైనా అబద్ధమాడతాడు, స్వామీ," అన్నాడు మెల్లగా.

తన నోట వెలువడిన మాటకు తానే ఉలిక్కిపడ్డాడు.

పెండేరాన్ని గురుపాదానికి తిరిగి తొడిగి, కన్నులకద్దుకుని, సభకు పరుగెత్తాడు. తాంబూలం పుచ్చుకుని మాట తప్పడం అక్కడ మహాపరాధం. అయినా ఆకూ వక్కా పళ్లెంలో పెట్టి ప్రభువు ముందుంచాడు.

"మీ తాంబూలం మీకు చెల్లు. నిన్న నేను పలికింది అసత్యం."

పిదప తోపు పక్షాన ధారగా పలికాడు. ముగిసేసరికి నృహరి లేచి వచ్చి, తన మురుగులు ఆ పళ్లెంలోనే వేశాడు. ప్రభువు ఇద్దరినీ తేరిపార చూచి, గొడ్డళ్లను వెనక్కి మళ్లించాడు.

తోపువారు శితికంఠుణ్ణి భుజాలకెత్తుకుని, డప్పులతో గురుకులానికి తెచ్చారు.

"ఈమారు ఏమిచ్చారు?" అన్నారు గురువుగారు.

"ఏమీ లేదు, స్వామీ."

సోమయాజిగారు తమ తాంబూలపు పెట్టెను అతనివైపు జరిపారు. "వేసుకో నాయనా. ఇప్పుడు నోరు పండుతుంది."

ఈ కథ విన్నవారి మాటా మనసూ ఒక్కటై వర్ధిల్లుగాక. వారి తోపులు ఏటేటా పూచుగాక.