మూడో మలుపు మంచు

ఛుల్తిం అనే భిక్షువు ఆ వేసవంతా ఒకే ప్రశ్న నెత్తిన పెట్టుకుని తిరిగాడు. మఠంలో ఉన్న చిన్న ట్రాక్టరుకి ఏ స్నో బ్లోయరు తగిలించాలి?

స్నో బ్లోయరంటే దారి మీది మంచును మరతో నమిలి, పైనున్న గొట్టంలోంచి పక్కకి ఎగజిమ్మే పరికరం. హిమాలయాల్లోని స్పితి లోయలో రంగ్‌చే మఠం ఉన్నంత ఎత్తున అది లేకపోతే చలికాలం నాలుగు నెలలూ పారలే దిక్కు. మఠం నుంచి కింద ఊళ్ళో రోడ్డు దాకా రెండు కిలోమీటర్ల మట్టిదారి, ఐదు మలుపులు. ఆ దారి మూసుకుపోతే పైనున్న పద్నాలుగు మందీ పైనే.

ట్రాక్టరు బఠాణీ పొలాల కోసం కొన్నది. ఇరవై నాలుగు హార్సుపవరు. సన్యాసులకి బొమ్మ బండి దొరికిందని కింది ఊరివాళ్ళు ఏడిపించేవాళ్ళు. బొమ్మలా ఉంటుందన్న మాటేగానీ, ఆ ఎత్తులో, ఆ గాలిలో అది చేసే పని తక్కువేం కాదు.

ఏప్రిల్లో మఠం పెద్ద పల్దన్ లామా ఛుల్తింని పిలిచారు.

"దానికి తగిన బ్లోయరేదో నువ్వే చూసి చెప్పు. మనాలీ నుంచి తెప్పిద్దాం. దారిలో కొండ కనుమ మంచుతో మూసుకుపోయేలోగా పైకి చేరాలి" అన్నారు.

ఎందుకు తెప్పించాలో మఠంలో అందరికీ తెలుసు. ఫిబ్రవరిలో గటుక్ చనిపోయాడు.

గటుక్, ఛుల్తిం ఎనిమిదేళ్ళ వయసులో ఒకే ఏడాది మఠానికి వచ్చారు. పాతికేళ్ళు ఒకే గదిలో పడుకున్నారు. గటుక్‌కి కడుపునొప్పి మొదలైన రోజే ఐదడుగుల మంచు పడింది. మర్నాటికి జ్వరం. ఒక తలుపు చెక్క ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి, ముందు ఆరుగురు పారలతో దారి చేస్తుంటే వెనక నలుగురు మోసుకుంటూ దిగారు. పొద్దున్నించి తవ్వితే సాయంత్రానికి మూడో మలుపు వచ్చింది.

అక్కడ గటుక్ "ఇంకెంత దూరంరా?" అని అడిగాడు. ఛుల్తిం వెనక్కి తిరగలేదు. తవ్వుతూనే "వచ్చేశాం" అన్నాడు. ఆ మాట గటుక్ విన్నాడో లేదో ఎవరికీ తెలీదు. ఇంకో పది బారలు తవ్వేసరికి వెనకవాళ్ళు చెక్క కిందికి దించేశారు.

అపెండిక్సు పగిలిందని, ఒక్క పూట ముందు తెచ్చుంటే బతికేవాడని కింద డాక్టరు చెప్పాడు. ఆ చివరి ముక్క డాక్టర్లు ఎందుకు చెబుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు ముందుండి తవ్విన మనిషికే మిషను ఎంచుకునే పని అప్పజెప్పారు. ఛుల్తిం దాన్ని శాస్త్రం చదివినట్టు చదివాడు. మనాలీలో పనిముట్ల దుకాణం నుంచి మిషన్ల బొమ్మలున్న పుస్తకాలు తెప్పించుకున్నాడు. వారానికి రెండుసార్లు ఊళ్ళోకి దిగి, సిగ్నల్ దొరికే గోడ పక్కన నిలబడి దుకాణదారుకి ఫోన్లు చేశాడు.

దుకాణదారు మొదటి వారమే తేల్చి చెప్పాడు. ఆ ట్రాక్టరుకి సరిపోయేది వెనక తగిలించేది, నాలుగడుగుల వెడల్పుది. ఇంజను వెనక తిరిగే షాఫ్టుకి బిగిస్తే చాలు. బండి రివర్సులో పోవాలి, నడిపేవాడు మెడ వెనక్కి తిప్పుకుని కూర్చోవాలి. అదొక్కటే ఇబ్బంది.

"ఐదడుగుల మంచైతే?" అన్నాడు ఛుల్తిం.

"మూడడుగుల దాకా హాయిగా పోతుంది లామాజీ. ఐదైతే పై పొర ఒకసారి, కింది పొర ఒకసారి తియ్యాలి."

ఛుల్తిం లెక్క వేశాడు. మూడో మలుపు దాకా గంటన్నర. రోడ్డు దాకా మూడు గంటలు. ఒకవేళ మధ్యలో మంచుగడ్డ మరలో ఇరుక్కుంటే? లాభం లేదన్నాడు.

ముందు తగిలించే పెద్దది చూశాడు. దాన్ని తిప్పడానికి ఇంజను చాలదు. సొంత ఇంజనున్నది చూశాడు. దాన్ని వెనక ఎత్తితే బండి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అయితే ట్రాక్టరే మార్చేద్దామా అని అడిగాడు. దుకాణదారుకి ఓపిక నశించింది.

"మేకకి ఏనుగు తొండం తగిలించమంటారు. కుదరదంటే మేకనే మార్చమంటారు. అసలు మీకు ఏం కావాలి లామాజీ?"

ఛుల్తిం ఇంకో మిషను బరువెంతని అడిగాడు. ఏం కావాలో చెబితే దుకాణదారు ఫోను పెట్టేసేవాడు.

జూన్ పోయింది, జులై పోయింది. బఠాణీ కోతలు అయిపోయాయి. ఛుల్తిం నోటుబుక్కులో పదకొండు మిషన్లు చేరాయి. పదకొండింటికీ అడ్డంగా గీత పడింది.

సెప్టెంబరు చివర్లో కబురొచ్చింది. ఇంకో పది రోజుల్లో ఆఖరి లారీ కనుమ దాటుతుంది. ఆ తర్వాత వసంతం దాకా ఏదీ రాదు.

ఆ వేళకి వంటశాలలో తండుప్ దగ్గు మొదలైంది. తండుప్ మఠంలో వయసులో అందరికంటే పెద్దవాడు, నలభై ఏళ్ళుగా వంట చేస్తున్నవాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఈ చలికాలంలో ఎప్పుడైనా కిందికి దింపాల్సి రావచ్చని డాక్టరు ముందే హెచ్చరించాడు.

"ఒరే ఛుల్తిం, ఏదో ఒకటి తెప్పించరా" అన్నాడు తండుప్, పొయ్యి దగ్గర ఆయాసపడుతూ. "నీ లెక్కలు తేలేదాకా నా ఊపిరి ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు."

"ఆ చిన్నదాంతో నిన్ను దింపలేను తాతా."

"పారలతో దింపుతావా?"

ఛుల్తిం నోటుబుక్కు పట్టుకుని గురువు పల్దన్ లామా గదికి వెళ్ళాడు.

"ఏదీ సరిపోదు గురువుగారూ. అన్నీ చూశాను. పెద్ద ట్రాక్టరు కొనాలి, దానికి పెద్దది తగిలించాలి. వచ్చే ఏడు చూద్దాం."

"దేనికి సరిపోదు?"

"ఆ రోజు పడిన మంచుకి."

పల్దన్ లామా నోటుబుక్కు తీసుకుని, ఒక్కో పేజీ తిప్పి, అన్ని గీతలూ చూశారు. వంటశాల వైపు నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆయన పుస్తకం మూసి ఇచ్చేసి, మూలనున్న పార అందుకున్నారు.

"బండి తియ్యి నాయనా" అన్నారు.

ట్రాక్టరు దిగుతుంటే దారంతా దుమ్ము లేచింది. రెండు నెలలుగా చినుకు లేదు. గురువు మడ్‌గార్డు మీద పార పట్టుకుని కూర్చున్నారు. మూడో మలుపు దగ్గర ఆపమన్నారు. ఛుల్తిం ఫిబ్రవరి తర్వాత అక్కడ ఎప్పుడూ ఆగలేదు. అటు నుంచి నడిచిన ప్రతిసారీ తల వంచుకుని దాటేసేవాడు.

గురువు పార అతని చేతికిచ్చారు.

"మంచు తియ్యి."

ఛుల్తిం ఆయన ముఖంలోకి చూశాడు. పెద్దాయనకి మతి తప్పుతోందేమోనని భయం వేసింది.

"మంచెక్కడుంది గురువుగారూ?"

"ఐదడుగులు ఉందన్నావుగా. తియ్యి."

ఆయన వేళాకోళం ఆడటంలేదు. పోయి దారి పక్కన రాతి మీద కూర్చున్నారు, మఠంలో పాఠం ఒప్పజెప్పించుకునేటప్పుడు కూర్చున్నట్టే.

గురువు మాట కాదనడం ఛుల్తింకి తెలీదు. పార నేలకి దించాడు. ఎండిన మట్టి, గులకరాళ్ళు. ఎత్తి పక్కన పోశాడు. మళ్ళీ దించాడు. దుమ్ము ముక్కులో, నోట్లో పోయింది. పార రాతికి తగిలి మణికట్టు దాకా జివ్వుమంది. ఎంతకీ ఆగమని అనలేదు ఆయన. కాసేపటికి ఛుల్తిం గురువు సంగతే మర్చిపోయి తవ్వసాగాడు. ఫిబ్రవరిలో తవ్వినట్టు, వెనక్కి చూడకుండా తవ్వాడు.

మోకాలి లోతు గుంట అయ్యాక అతని చేతులు ఆగిపోయాయి. మెల్లిగా వెనక్కి తిరిగాడు. వెనక ఖాళీ దారి, ఎండ.

గుంట అంచున కూలబడిపోయాడు.

"వచ్చేశామని అబద్ధం చెప్పాను గురువుగారూ. వాడడిగితే వెనక్కి తిరిగి కూడా చూడలేదు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎనిమిది నెలల ఏడుపు అది, తొందరగా అయ్యేది కాదు.

పల్దన్ లామా వచ్చి ఆ మట్టిలోనే అతని పక్కన కూర్చున్నారు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. గటుక్‌కి అక్షరాలు దిద్దించింది ఆయనే మరి.

ఛుల్తిం ఏడుపు నెమ్మదించాక అడిగారు.

"తండుప్‌ని ఎప్పుడు దింపాల్సి వస్తుందో నీకు తెలుసా?"

"తెలీదు గురువుగారూ."

"ఆ రోజు మంచు ఎంత పడుతుందో తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు" అన్నారు ఆయన.

ఛుల్తిం లేచాడు. దారిలో బండ్లు పోవాలి కాబట్టి తవ్విన మట్టి మళ్ళీ గుంటలో పోసి, కాళ్ళతో తొక్కి చదును చేశాడు. గురువుని బండి దగ్గరే ఉండమని చెప్పి, మిగిలిన రెండు మలుపులూ నడిచి ఊళ్ళోకి దిగాడు. గోడ పక్కన నిలబడి మనాలీకి ఫోను చేశాడు.

"వెనక తగిలించేది పంపించండి. నాలుగడుగులది. ఆఖరి లారీలో వేసెయ్యండి."

దుకాణదారు నమ్మలేదు. "మళ్ళీ మాట మార్చరు కదా? ఐదడుగుల మంచుకి అది చాలదని మీరే అన్నారు లామాజీ."

"ఆ మంచు కరిగిపోయిందండీ" అన్నాడు ఛుల్తిం.