బొల్లోడికి నక్క పెట్టిన నల్లముద్ద

తొలకరి పడింది. వేరుశెనగ విత్తే పదును. ఊళ్ళో ఏ ఎద్దుకీ ఊపిరి సలపడం లేదు. ఓబులేసు కొట్టంలోనూ అంతే. ఆ కొట్టంలో రెండెద్దులు. ఎడమవైపు, అంటే దాపట కట్టేది బొల్లోడు, కుడివైపు వలపట కట్టేది మైలోడు. వాళ్ళ పక్కనే బోర్లించిన వెదురు గంప కింద పిల్లలతో చుక్కపెట్ట. వాకిట్లో గండడని ఒక కుక్క. పేరుకే కాపలా, మధ్యాహ్నమైతే చాలు, ఓబులేసు మంచం కింద గురక. ఎద్దులు మాట్లాడతాయా అని అడిగేవాళ్ళు పక్క ఊరికి వెళ్ళొచ్చు, నాకు కథ చెప్పే తొందరుంది.

ఆ ఏడు ఓబులేసు కొత్త కాడి చేయించాడు. తుమ్మకర్ర, చిత్రిక సరిగ్గా పట్టలేదు. రెండు పూటలకే బొల్లోడి మెడ ఒరుసుకుపోయింది. మామూలుగా మెడ నొచ్చిన ఎద్దు కాడి ఎత్తగానే తల విదిలించి వెనక్కి జంకుతుంది. రైతు అది చూసి, కాడి దించి, ఆముదంలో పసుపు రంగరించి రాస్తాడు. ఎద్దు తన బాధ చెప్పుకునే పద్ధతి అది. బొల్లోడు మాత్రం విదిలించలేదు. మెడ పుండు పడ్డ ఎర్రెద్దును పోయినేడు సంతకు తోలడం కళ్ళారా చూశాడు పాపం. తోలుకుపోయిన ఎర్రెద్దు మళ్ళీ రాలేదు. అందుకని పళ్ళు బిగించి లాగాడు.

ఊరంతా కూడు తిని కునుకు తీసే వేళకి కొట్టం వెనక కంచె సందులోంచి నక్క దూరింది.

"ఏం బావా, మెడ వాల్చేశావ్?"

"ఏం లేదులే."

"ఏం లేకపోతే ఈగలెందుకు మూగుతాయి? చెప్పు బావా, నేనేమన్నా పరాయిదాన్నా?"

అంత ఆప్యాయంగా ఎవరూ అడగలేదు మరి. బొల్లోడు చెప్పేశాడు. ఎర్రెద్దు సంగతి కూడా చెప్పేశాడు.

"ఓస్, ఇంతేనా!" అంటూ నక్క నోట్లోని మోదుగాకు పొట్లం కింద పెట్టి విప్పింది. లోపల ఉసిరికాయంత నల్లటి ముద్ద. నల్లమందు. "కొండ అవతల మనుషులు దీన్ని ఒకరికొకరు తెలీకుండా దాచుకు తింటారు. మింగు. నీ నొప్పి నువ్వే వెతుక్కున్నా దొరకదు."

"బదులేం ఇయ్యాలి?"

"ఛీ, బావల మధ్య బదులేంటి!"

పక్క గుంజకు కట్టేసున్న మైలోడు అడ్డుపడ్డాడు. "వద్దురా. దాని మొహం చూస్తే నాకు నమ్మకం కుదరడం లేదు."

"నీ మెడ బాగుంది కాబట్టి ఎన్నైనా చెప్తావన్నా" అన్నాడు బొల్లోడు. నిజమే కదా, నొప్పి వాడిది.

మింగాడు. కాసేపటికి ఒళ్ళంతా వెచ్చబడింది. మెడ ఉందో లేదో తెలీలేదు. మర్నాడు విత్తనాలు వేసే గొర్రు లాగుతుంటే ఓబులేసు మురిసిపోయాడు, ఎద్దు బాగా దారికొచ్చిందని. నక్క రోజూ వచ్చింది, రోజూ పెట్టింది. అయితే మొదట్లో పొద్దుగూకేదాకా ఉండే హాయి రానురాను పొలం సగంలోనే దిగిపోసాగింది. ముద్ద పెద్దదైంది. బొల్లోడు మేత మానేశాడు. నెమరు ఆగిపోయింది. పేడ గట్టిపడి, వేయడానికి మూలుగుతున్నాడు. చీకటి పడ్డాక కూడా కంటిపాపలు చిన్నవైపోయి, పిలిస్తే పలకడానికి ఎంతోసేపు పడుతోంది. కాడి ఒత్తకుండా వేసే గోనెపట్టా కింద మెడ పుండు మాత్రం నొప్పి తెలీని మెడ మీద హాయిగా లోతుకు దిగుతోంది.

మరి ఓబులేసుకు తెలీలేదా అంటే, తెలీనివ్వలేదు మైలోడు. జత ఎద్దు వెనకబడితే కాడి పక్కకు తిరుగుతుంది, రైతు వెంటనే పసిగడతాడు. మైలోడు తన అడుగు తగ్గించుకుని బొల్లోడి పక్కనే నడిచాడు. బరువంతా తన మెడ మీదికి లాక్కున్నాడు. "ఏమైందిరా నీకు మైలోడా, సోమరిపోతువయ్యావే!" అని ఓబులేసు ములుకోలుతో పొడిచేది మైలోణ్ణే. పొడిపించుకున్నాడు, నోరెత్తలేదు. తమ్ముణ్ణి కాపాడుతున్నాననుకున్నాడు పిచ్చి మారాజు.

ఒకరోజు నక్క ఉత్త నోటితో వచ్చింది.

"ఇవాళ లేదు బావా."

"లేకపోతే ఎలా?" బొల్లోడి ముక్కు కారుతోంది. ఆవులింత మీద ఆవులింత. కడుపులో మెలితిప్పుతోంది, ఎండలో నిలబడి వణుకుతున్నాడు.

"కొండెక్కాలి కదా, ఖాళీ కడుపుతో ఎలా ఎక్కను? నీ కొమ్ముతో ఆ గంప కాస్త ఎత్తు. ఊరికే ఇంత సందు చాలు."

"కోడిపిల్లలున్నాయి..."

"ఉంటాయి మరి. గంప కింద ఏనుగులుంటాయా?"

బొల్లోడు మొహం అవతలికి తిప్పుకుని, కొమ్ముతో గంప ఎత్తాడు. ఏం చేస్తున్నాడో వాడికి తెలుసు. తెలిసి చేశాడు, అదే కదా ఆ ముద్ద చేసే పని. ఒక పిల్ల పోయింది. చుక్కపెట్ట కేకలకి గండడు లేచొచ్చేసరికి నక్క కంచె దాటేసింది. పొద్దువాలేలోగా ముద్ద తెచ్చి, కంచె అవతల నుంచే బొల్లోడి ముందుకు విసిరింది.

సాయంత్రం చుక్కపెట్ట బొల్లోడి దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా మైలోడి ముందు నిలబడింది.

"మైలన్నా, ఇదంతా నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"తెలిసి ఎందుకు దాచావు?"

"బయటపడితే వాణ్ణి సంతకు తోలేస్తారు చుక్కా."

"వాడి మెడ ఈమధ్య చూశావా? సంతదాకా నడవగలడనుకుంటున్నావా నువ్వు?"

మైలోడు అప్పుడు చూశాడు. గోనెపట్టా జారి ఉంది. పుండులో పురుగులు. బొల్లోడు కళ్ళు సగం మూసి, చొంగ కారుస్తూ, ఈగలనైనా తోలుకోకుండా పడి ఉన్నాడు. మైలోడికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

మర్నాడు పొలంలో మైలోడు తన మామూలు అడుగు వేశాడు. అంతే. కాడి గిర్రున పక్కకు తిరిగింది, బొల్లోడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అన్నా, ఏంటిది! నన్ను సంతకు పంపుతావా?" అని అరిచాడు. "తిట్టుకోరా, నీ ఇష్టం" అన్నాడు మైలోడు. వాడికి మాత్రం తెలుసా ఏం జరుగుతుందో?

ఓబులేసు పరుగున వచ్చి కాడి ఎత్తాడు, పట్టా తీశాడు. నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "అయ్యో నా తండ్రీ, ఇంత పుండు పెట్టుకుని లాగావా! నా కళ్ళేమయ్యాయి!" అని అక్కడే గొర్రు వదిలేశాడు. పశువుల డాక్టరును పిలిపించాడు. ఆయన పుండు కడిగి, సూది వేసి, కంటిపాపలు చూసి అన్నాడు: "దీనికెవరో మత్తు అలవాటు చేశారు. మానితే కొన్నాళ్ళు నానా తిప్పలూ పడుతుంది. గంజీ నీళ్ళూ తాగిస్తూ ఉండండి. ఒంటరిగా వదలకండి." సంత మాట ఎవరూ ఎత్తలేదు.

తిప్పలంటే మామూలు తిప్పలు కాదు. బొల్లోడు పారుకున్నాడు, వణికాడు, నిద్రలేక గుంజకు తల బాదుకున్నాడు. ఇన్నాళ్ళూ పలకని మెడ నొప్పి బాకా ఊదుకుంటూ తిరిగొచ్చింది. మైలోడిని నోటికొచ్చినట్టు తిట్టాడు. మైలోడు ఆ తిట్లన్నీ విని, వాడి వీపు నాకుతూ కూర్చున్నాడు. చుక్కపెట్ట పుండు చుట్టూ మూగిన ఈగల్ని పొడుచుకు తింది. పిల్లను పోగొట్టుకున్న తల్లి ఆ పని చేస్తుంటే చూసి, బొల్లోడు తిట్టడం మానేశాడు.

ఇంకా ఒళ్ళు కుదుటపడకముందే, మళ్ళీ మధ్యాహ్నం నక్క వచ్చింది. ఈసారి పెద్ద ముద్ద. దాన్ని బొల్లోడికి ఒక అడుగు దూరంలో పెట్టింది.

"ఎంత చిక్కిపోయావు బావా! వాళ్ళకి నీ బాధేం తెలుసు? ముందు గంప ఎత్తు, తర్వాత ఒక్కడుగు ముందుకేసి తిను."

వాసన తగలగానే బొల్లోడి నోరు ఊరింది. మైలోడు తనను కట్టేసిన తలుగు బిగిసేదాకా ముందుకొచ్చాడు. గంపలో చుక్కపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"ఎత్తుతా. సరిగ్గా సందు దగ్గర నిలబడు" అన్నాడు బొల్లోడు.

నక్క గంపకు మూతి ఆనించి, తోక వెనక్కి చాచి నిలబడింది. బొల్లోడు కొమ్ము వంచాడు. వంచి, ముందుకాలు ఆ తోక మీద వేసి బలంగా తొక్కిపట్టాడు.

"అమ్మో! బావా, కాలు! కాలు తియ్యి!"

"తియ్యను."

"తీసి ఒక్కడుగు వెయ్యి బావా, ముద్ద అక్కడే ఉంది, మొత్తం నీదే!"

అదే వచ్చింది చిక్కు. ముద్ద అందాలంటే ఆ కాలే ఎత్తాలి. బొల్లోడి కాలు గజగజ వణికింది. కళ్ళలోంచి నీళ్ళు జారాయి. "అన్నా," అన్నాడు, "దాన్ని నా కళ్ళ ముందు లేకుండా చెయ్యి. ఎక్కువసేపు ఆగలేను."

మైలోడు తలుగు తెగేలా ముందుకు లాగి, ముద్దను గిట్టతో ఈడ్చి పేడలో తొక్కేశాడు. కాస్త ముక్క మిగిలింది.

"అది దీనికి పెట్టన్నా" అన్నాడు బొల్లోడు. "అంత మంచిదైతే తింటుందిగా."

నక్క హడలిపోయింది. "నాకొద్దు బాబోయ్! నేనేనాడూ దాన్ని నాలిక మీద పెట్టలేదు! నాకు పిల్లలున్నారు!"

గంపలోంచి చుక్కపెట్ట నెమ్మదిగా అంది: "నాకూ ఉన్నారు. ఒకరు తక్కువ."

మైలోడు రంకె వేశాడు, గండడు మంచం కిందనుంచి ఒక్క దూకు దూకాడు. నక్క ప్రాణభయంతో గింజుకుని, సగం తోక బొల్లోడి గిట్ట కింద వదిలేసి పారిపోయింది. ఆ తర్వాత ఆ కంచె ఛాయలకు రాలేదు.

నీతి: నొప్పిని నోరు విప్పి చెప్పుకో, మత్తుతో దాని నోరు నొక్కకు, తోటివాడు దాచుకుంటుంటే నువ్వూ కలిసి దాచకు.