రాజుగారి పేరు, గవరమ్మ కుండలు

ఎండలకు పేరుపడ్డ ఒకానొక రాజ్యాన్ని కీర్తిసేనుడనే రాజు ఏలేవాడు. దానం చెయ్యడం ఆయనకు ఇష్టం. చేసిన సంగతి పదిమందికీ తెలియడం ఇంకా ఇష్టం. అందుకని ధర్మఖజానా ఒకటి పెట్టి, పేరిశాస్త్రి అనే పండితుణ్ణి దానికి అధికారిని చేశాడు.

ఆ రాజ్యంలో ఉప్పుబాట అని ఒక దారి ఉంది. ఆమడ దూరం చెట్టూ లేదు, బావీ లేదు. ఆ దారి మధ్యన గవరమ్మా, ఆమె వాడలోని ఆడవాళ్లూ తాటాకు పందిరి వేసి చలివేంద్రం నడిపేవారు. నీళ్లు బండిమీద రావాలి. ఉన్నదంతా బండి బాడుగకే కరిగిపోతోంది. ఎండలు ముదిరే వేళకు చలివేంద్రం మూతపడితే ఉప్పు మోసేవాళ్లు దారిలోనే కూలిపోతారని గవరమ్మ దిగులు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు బెరుకు. అయినా తోటివాళ్లు ముందుకు తోస్తే శాస్త్రి దగ్గరికి వెళ్లింది.

"బండి బాడుగ ఇప్పించండి బాబయ్యా."

"ఎన్నాళ్లుగా నడుపుతున్నారు?"

"మూడు వేసవులుగానండి."

"నడుస్తున్నదానికి సాయమెందుకు?"

"ఆగిపోయేలా ఉందండి."

"ఆగిపోయేదానికి ఎవరిస్తారు? చూడమ్మా, ఖజానా కొత్తవాటికే ఇస్తుంది. అదీ కంటికి కనపడేవాటికి. నీళ్లంటావా, తాగేస్తే ఏం మిగులుతుంది? రాజుగారి పేరు ఎక్కడ చెక్కిస్తాం, తాగినవాడి పొట్టమీదా?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. గవరమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్లీ అడిగింది.

"అయితే కొత్తదే ఇప్పించండి. రాతి మండపం, ఇత్తడి గంగాళాలు, రాజుగారి పేరు చెక్కిన పలక."

"ఇప్పుడు దారికొచ్చావు" అని శాస్త్రి అక్కడికక్కడే సరేనన్నాడు.

మండపం పూర్తయ్యాక, ప్రారంభానికి ముహూర్తం మాత్రం గవరమ్మే అడిగి పెట్టించుకుంది. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు దారినిండా జనం ఉంటారంటే శాస్త్రి మురిసిపోయాడు.

ఆ రోజు రాజు కొత్త మండపం ముందు పల్లకీ దిగాడు. భట్రాజు పొగిడాడు. శాస్త్రి అంతకంటే పొడుగ్గా పొగిడాడు. అందరి నాలుకలూ పిడచకట్టుకుపోయాక, ఆనవాయితీ ప్రకారం తొలి దోసిలి రాజుగారు పట్టాలన్నారు. రాజు ఆత్రంగా దోసిలి పట్టి వంగాడు. గవరమ్మ భక్తిగా ఇత్తడి చెంబు వంచింది. చుక్క రాలలేదు. ఇంకాస్త వంచింది.

"నీళ్లేవి?" అన్నాడు రాజు.

"నీళ్లకు ఇవ్వరటండి మహారాజా. తాగేస్తే కనపడవట. తాగినవాడి పొట్టమీద మీ పేరు చెక్కించలేమని శాస్త్రిగారు సెలవిచ్చారు. కనపడేవన్నీ ఉన్నాయి, కళ్లారా చూడండి."

రాజు శాస్త్రివైపు చూశాడు. శాస్త్రి గంగాళాల్లోకి తొంగిచూశాడు.

అల్లంత దూరంలో తాటాకు పందిరి కింద ఉప్పుమోత మనిషొకడు గటగటా తాగుతున్నాడు.

"మరి అదేమిటి?"

"అది పాతదండి, ఖజానాకు పనికిరాదు. అవి ఆఖరి బండి నీళ్లు. రేపటినుంచి అదీ ఇంత అందంగానే ఉంటుంది."

రాజు పరుగులాంటి నడకతో వెళ్లి, ఉప్పుమోత మనిషి పక్కనే దోసిలి పట్టాడు. తాగి మూతి తుడుచుకుని, తన పేరున్న పలకవైపు చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"శాస్త్రీ, ఇవాళ్టి ధర్మం నా పొట్టలోనే ఉందయ్యా. చెక్కిస్తావా?"

ఏటా వేసవంతా బండి బాడుగ ఖజానాయే ఇవ్వాలని ఆజ్ఞాపించి, "నీకేం కావాలో కోరుకో" అన్నాడు గవరమ్మతో.

"ఆ పలక ఇప్పించండి. ఇసుకలో కుండలు ఒరిగిపోతున్నాయి, కింద పరుచుకుంటాం."



"నా పేరుమీద కుండలు పెడతావా?"

"నిలబెడితే ఎండకు కాలిపోతుందండి. పడుకోబెడితే కుండల తడికి వేసవంతా చల్లగా ఉంటుంది."

రాజు మళ్లీ నవ్వాడు. పలక మొయ్యడానికి భటులతోపాటు శాస్త్రీ ఒక చెయ్యి వెయ్యాలని చెప్పి పల్లకీ ఎక్కాడు.

పలక దించేసరికి శాస్త్రికి చెమటలు ధారకట్టాయి. కుండల దగ్గరికి వచ్చి దోసిలి పట్టాడు. కొత్తా పాతా అడక్కుండా గవరమ్మ నీళ్లు పోసింది.