సిద్దవ్వ వంతు

అనగా అనగా, ఎన్ని వానాకాలాల కిందటో ఎవరికీ గుర్తులేని కాలంలో, గొంగళ్లు నేసేవాళ్ల చిన్న పల్లె ఒకటుండేది. ఒక ఏడాది బావులన్నీ ఎండిపోయాయి. పల్లె పల్లెంతా ఏటి వైపు నడక పట్టింది. మూడు రోజుల నడక. మూడు తోలుతిత్తుల నీళ్లు. రోజుకొక తిత్తి. తిత్తికి డెబ్బై రెండు చిప్పలు.

మొదటి పొద్దుననే పేచీ.

"మూటలు మోసేది మేము. మాకే ఎక్కువ," అన్నాడు పెద్దమనిషి బీరయ్య.

నీలవ్వ ఒడిలో నెల తిరగని బిడ్డ. రాత్రి నుంచి పాలు పడటం లేదు. "నాకు ఇంకో చిప్ప కావాలె మామా," అంది.

"నీ బిడ్డ తాగేది పాలు గదనే, నీళ్లా?"

"పాలేమన్న గొంగడి పిండితే వస్తయా?"

అందరూ నవ్వారు గానీ తిత్తి మూతి ఎవరూ విప్పలేదు.

అప్పుడు సిద్దవ్వ ముందుకొచ్చింది. ఉన్ని ఏకే ముసలిది, నా అన్నవాళ్లు లేని మనిషి. నీళ్లు పోసే పని ఆమెదే.

"ఒక్కో పిల్లకెన్ని చిప్పలో మనకు తెల్వదు. తెల్వనిదాన్ని ఒక రాయనుకుందాం," అంది. పిల్లకొక రాయి. పెద్దలకు రెండు. బాలింతకు మూడు. ఐదుగురు పిల్లలకు ఐదు, ఎనమండుగురు పెద్దలకు పదహారు, నీలవ్వకు మూడు.

"ఇరవై నాలుగు రాళ్లు కలిస్తే డెబ్బై రెండు చిప్పలు. మరి ఒక్క రాయి?"

నీలవ్వ వేళ్లు మడిచి మడిచి, "మూడు!" అని అరిచింది.

"అంటే నీకు తొమ్మిది. బిడ్డ బతుకుతడు పో."

పేచీ ఆగింది. ఒక రోజు నడిచారు. రెండో రోజూ నడిచారు. నీలవ్వకు పాలు పడ్డాయి.

మూడో పొద్దున సిద్దవ్వ లేవలేక, రాళ్లు నీలవ్వ వైపు నెట్టింది. "రాళ్లు నువ్వు పెట్టవే," అంది.

నీలవ్వ ఒక్కొక్కరి మొహం చూసి, వాళ్ల ముందు రాళ్లు పెట్టింది. లెక్కిస్తే ఇరవై ఆరు. తీసి మళ్లీ పెట్టింది. ఇరవై ఆరు. మూడోసారి పెట్టింది. ఇరవై ఆరే.

"నేనేమన్న తప్పు పెట్టిన్నా అవ్వా?"

"రెండెక్కువైనయ్. తీసెయ్," అంటూ సిద్దవ్వ తన ముందున్న రెండు రాళ్లను పక్కకు నెట్టింది.

నీలవ్వ అప్పుడు చూసింది ఆ పెదాలు, తోలు లేచి, నెత్తురు గడ్డకట్టి.

"అవ్వా... లెక్కల నువ్వేడున్నవే?"

"నన్నేసుకుంటే సరిగ్గ తెగదే. మళ్ల పేచీ అయితది."

"రెండు దినాలు ఏం తాగినవ్?"

"చిప్ప అడుగున తడి నాకిన."

నీలవ్వ ఆ రెండు రాళ్లనూ మళ్లీ సిద్దవ్వ ముందుకు జరిపింది. రాయికి రెండున్నర చిప్పలు. ఇరవై ఆరు రాళ్లకు అరవై ఐదు. ఏడు మిగిలాయి.

"నీ వంతు ఐదు. మిగిలిన ఏడూ నీకే," అన్నాడు బీరయ్య, తలెత్తకుండా. "తాగవ్వా."

సిద్దవ్వ తాగింది. మాపటికి ఏరు చేరింది, కాళ్లు తడుపుకుంది. కానీ ఆ ఒళ్లు మళ్లీ తేరుకోలేదు. మూడో నాడు నీలవ్వ ఒడిలోనే కన్నుమూసింది.

ఆ పల్లెవాళ్లు ఇప్పటికీ ఏది పంచినా, అంబలైనా బెల్లం ముక్కలైనా, సరిగ్గా తెగక మిగిలింది పంచిన చేతికే ఇస్తారు. దాన్ని సిద్దవ్వ వంతు అంటారు. పంచడం మొదలుపెట్టకముందే ఎవరో ఒకరు, ఒక్కోసారి మాటలు అప్పుడే వచ్చిన పసిదైనా సరే, తప్పకుండా అడుగుతారు:

"నిన్ను ఏసుకున్నవా?"