దక్షిణానికి పడ్డ నీడ

విధికుడి నీడ పన్నెండు రోజులుగా మాట వినట్లేదు.

అంటే వాడి ఒంటి నీడ కాదు. వాడు కాపలా కాసే స్తంభం నీడ.

గువ్వలకొండ మీద, సముద్రానికి ఎదురుగా ఒక బౌద్ధ విహారం. నలభైమంది భిక్షువులు. అక్కడ ఒకటే గట్టి నియమం. పొద్దు ఆకాశం నడిమికి ఎక్కి అవతలికి దిగడం మొదలెట్టిందా, ఇక మర్నాడు తెల్లారేదాకా మెతుకు ముట్టకూడదు. మరి పొద్దు దిగడం మొదలెట్టిందని ఎవడు చెప్పాలి? విధికుడే. వాడు కంచు గంట మీద ఒక్కటి కొడితే నలభై చేతులు ఎక్కడివక్కడ ఆగిపోవాలి. పెద్దలూ లేరు, చిన్నలూ లేరు. ఇరవై రెండేళ్ళవాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

వాడిది ఈ ప్రాంతం కాదు. గంగకి అవతల ఎక్కడో పుట్టాడు. పోయిన వానాకాలం చివర్లో నడుచుకుంటూ ఇక్కడికొచ్చి, రేవత భంతే దగ్గర శిష్యుడిగా చేరాడు. భిక్షువుల్ని గౌరవంగా భంతే అంటారిక్కడ. నీడ చూసే విద్య మాత్రం సొంతూళ్ళోనే నేర్చుకుని వచ్చాడు. అక్కడి గురువు వాడికి బల్లగుద్ది చెప్పిన మాట ఒకటుంది. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుంది. ఎండాకాలం పొట్టిగా, చలికాలం పొడుగ్గా, కానీ ఎప్పుడూ ఉత్తరానికే.

వచ్చిన చలికాలంలోనే మనోడు పని మొదలెట్టాడు. చదును బండ మీద గుంట తొలిచి మనిషెత్తు కర్రస్తంభం పాతాడు. దాని చుట్టూ వృత్తం గీశాడు. నీడ కొస పొద్దున వృత్తాన్ని ఎక్కడ తాకిందో ఒక చుక్క, సాయంత్రం ఎక్కడ తాకిందో ఒక చుక్క. రెండు చుక్కలకీ సరిగ్గా మధ్యగా, స్తంభం మొదలు నుంచి ఉత్తరానికి ఒక గీత చెక్కేశాడు. నీడ ఆ గీత మీదకొస్తే మధ్యాహ్నం. అంతే.

చలికాలమంతా వాడి గంటకి తిరుగులేదు.

"ఎండ ఎటుపోయినా నా గీత మీదకి రావాల్సిందే," అనేవాడు.

రేవత భంతే విని ఊరుకునేవాడు. ఆయన మాటలు పిసినారి ఇంట్లో నెయ్యిలాంటివి. ఎప్పుడో ఒక చుక్క పడేది.

వైశాఖం వచ్చింది. నీడ రోజురోజుకీ కుంచించుకుపోయింది. జానెడు, బెత్తెడు, వేలెడు. ఒకరోజు మధ్యాహ్నానికి అసలు నీడే లేదు. స్తంభం తన నీడని తనే మింగేసినట్టు నిలబడింది. సరిగ్గా ఆ రోజే రేవత భంతే రేవుకి దిగాడు. సముద్రం అవతలి ద్వీపం నుంచి ఎవరో పెద్దాయన ఓడలో వస్తున్నాడంట, తీసుకురావడానికి.

మర్నాడు నీడ మళ్ళీ వచ్చింది. గీత ఉన్నవైపు కాదు. ఇవతల, దక్షిణం వైపు. సన్నగా, నాలిక బయటపెట్టి వెక్కిరించినట్టు.

విధికుడు ఒక్క క్షణం బిత్తరపోయాడు. రెండో క్షణంలో కారణం దొరికేసింది. రాత్రి సముద్రం మీంచి గాలి ఈడ్చి కొట్టింది కదా! స్తంభం వాలుంటుంది.

గుంటలో చెక్కచీల ఒకటి కొట్టి స్తంభాన్ని ఉత్తరానికి ఒక్క రవ్వ వంచాడు. నీడ గీత మీదకొచ్చింది. హమ్మయ్య.

ఆ మర్నాడు నీడ మళ్ళీ ఇవతలికి దూకింది. ఇంకో చీల. ఆ పై రోజు ఇంకోటి. అంతా కంటి కొలతే. ఉత్తరానికి వంచుతున్నాననుకున్నాడు గానీ, స్తంభం కాస్త పడమరకి కూడా ఒరుగుతోంది. అది వాడికి పట్టలేదు. వాడి కళ్ళు గీత మీద తప్ప ఇంకెక్కడా లేవు.

విహారంలో తిండి మీద మంచి మక్కువ ఉన్న భద్దియ భంతే ఒకరోజు అటుగా వచ్చి ఆగాడు.

"ఏం విధికా, నీ స్తంభం కల్లు తాగిందా? అలా ఒరిగింది?"

"స్తంభం ఒరగలేదు భంతే. బండ కుంగినట్టుంది. నేను సరిచేశా."

"నువ్వు సరిచేసిన కాణ్ణించీ నాకు గంట కొట్టేలోపు రెండో మామిడిపండు కూడా అయిపోతోంది. చల్లగా ఉండు నాయనా."

విధికుడు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

పన్నెండోరోజు సాయంత్రం రేవత భంతే తిరిగొచ్చాడు. వెంట ద్వీపం పెద్దాయన, అభయ భంతే. ఎండకి కాలి నల్లబడ్డ మొహం, పెద్ద గొంతు, దాచుకోకుండా నవ్వే మనిషి.

"మా దగ్గర కొత్త విహారం కట్టాం," అన్నాడు నీళ్ళు తాగుతూ. "అరవైమందిమి. పొద్దు చూసి గంట కొట్టేవాడు ఒక్కడు లేడు. ఇప్పుడు కొడుతున్నవాడు ఆకలైతే తొందరగా కొడతాడు, నిద్రొస్తే మర్చిపోతాడు. నాకో మనిషి కావాలి."

"ఒకడున్నాడు," అన్నాడు రేవత భంతే.

విధికుడు ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. ఈ కొండెక్కి మొదటిసారి సముద్రం చూసిన రోజు నుంచీ వాడికి ఒకటే పిచ్చి. దాని అవతలికి వెళ్ళాలి. కల్లో కూడా ఓడలే. ఆ సముద్రం ఇప్పుడు మనిషి రూపంలో నడిచొచ్చి ఎదురుగా కూర్చుని నీళ్ళు తాగుతోంది!

"నా లెక్కకి ఊరితో పని లేదు భంతే," అన్నాడు ఆగలేక. "ఇక్కడైనా, ద్వీపంలో అయినా, ఎక్కడ స్తంభం పాతినా ఒకటే గీత. ఉత్తరానికి."

అభయ భంతే కనుబొమలెగరేశాడు. రేవత భంతే వైపు ఒకసారి చూశాడు. రేవత భంతే కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"గాలి మారేలోపు ఓడ కదలాలి. ఎల్లుండి పొద్దున్నే," అన్నాడు అభయ భంతే. "రేపు నీ గంట విని చెప్తా."

మర్నాడు విధికుడు తెల్లారకుండానే లేచి బండ కడిగాడు. గీత తుడిచి మెరిపించాడు. ఇంకో చీల బిగించాడు, ఎందుకైనా మంచిదని.

ఎండెక్కింది. భోజనశాలలో వరసగా కూర్చున్నారు అందరూ. అన్నం, పప్పు, చివర్లో మామిడిపళ్ళు. వరసలో మొదట అభయ భంతే. శాలకీ బండకీ మధ్య గోడ లేదు. కూర్చున్నవాళ్ళకి విధికుడూ గంటా రెండూ కనబడతాయి. విధికుడు ఛాతీ విరుచుకుని, చేతిలో సుత్తి పట్టుకుని, నీడనే చూస్తున్నాడు. నీడ గీత వైపు జరుగుతోంది. ఇంకా మూడు వేళ్ళ దూరం.

రేవత భంతే మాత్రం భోజనానికి కూర్చోలేదు. బావి దగ్గరికెళ్ళి తాడు విప్పుకొచ్చాడు. తాడు కొసకి పిడికెడంత గుండ్రాయి ఒకటి కట్టాడు. స్తంభం పక్కకొచ్చి నిలబడి, చెయ్యి తలపైకి చాచి, రాయి బండకి తగిలీ తగలకుండా తాడు వేలాడదీశాడు.

రాయి కాసేపు ఊగి ఆగింది.

విధికుడికి చిరాకేసింది. పెద్దాయన ముందు, సరిగ్గా ఇప్పుడే, ఈ ఆటేంటి?

"భంతే, కొంచెం పక్కకి. నీడ చూడాలి."

"చూడు."

"మీ తాడుది కాదు భంతే, స్తంభానిది."

"ఇదెటు వాలింది?"

విధికుడు తాడు వైపు చూశాడు. "ఎటూ వాల్లేదు. తాడు కదా. తిన్నగా వేలాడుతోంది."

అన్నాక, దాని పక్కనే ఉన్న స్తంభం మీద పడింది వాడి చూపు. తాడు నిటారుగా ఉంది. స్తంభం నిజంగానే కల్లు తాగినవాడిలా వాయవ్యానికి ఒరిగిపోయుంది. ఇన్ని రోజులూ తన చేత్తోనే కొట్టిన చీలలు ఒక్కొక్కటీ గుంటలోంచి బయటికొచ్చి కనబడుతున్నాయి.

"చెయ్యి లాగుతోందిరా," అన్నాడు రేవత భంతే. "తొందరగా చూడు."

విధికుడు కిందికి చూశాడు. గుండ్రాయి గీత పక్కనే వేలాడుతోంది. తాడు పట్టుకున్న పిడికిలి నీడ రాయి మీద లేదు. రాయికి దక్షిణాన, నాలుగు వేళ్ళ అవతల పడింది. తూర్పుకి కాదు, పడమరకి కాదు. తిన్నగా దక్షిణానికి.

గాలి తాడుని వంచలేదు. బండ కుంగలేదు.

విధికుడు తలెత్తాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి, బతుకులో మొదటిసారి మధ్యాహ్నపు సూర్యుడు ఎక్కడున్నాడో చూశాడు. నడినెత్తి దాటి ఉత్తరం వైపుకి వెళ్ళిపోయున్నాడు. గంగ అవతల వాడి ఊళ్ళో ఒక్కనాడూ అంత దూరం రాని సూర్యుడు.

అంటే మధ్యాహ్నం ఇదే. ఈ క్షణమే. స్తంభం నీడేమో గీతకింకా రెండు వేళ్ళ దూరంలో ఉంది. దాన్ని నమ్ముకుంటే అర ఘడియ ఆలస్యం.

వాడు సుత్తి ఎత్తాడు.

ఆగితే శాలలో ఎవరికీ తెలీదు. నీడ గీత మీదకొచ్చాక రోజూలాగే కొట్టొచ్చు. ద్వీపం పెద్దాయన మెచ్చుకుంటాడు. రేపు పొద్దున్నే ఓడ. ఇప్పుడు కొడితే, నిన్నటి గంట తప్పు, మొన్నటిది తప్పు అని అందరి ముందూ తేలిపోతుంది. సముద్రం ఇక్కణ్ణించే చూసుకుంటూ కూర్చోవాలి.

రేవత భంతే చెయ్యి దించలేదు. తాడు పట్టుకుని నిలబడ్డాడు, అంతే.

విధికుడు గంట కొట్టాడు.

నలభై చేతులు ఆగాయి. భద్దియ భంతే చేతిలో రెండో మామిడిపండు నోటికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"ఇదేంట్రా!" అన్నాడాయన దీనంగా. "ఇవాళ ఇంత తొందరగా?"

విధికుడు సుత్తి కింద పెట్టి శాల ముందుకొచ్చాడు. అందరికీ వినబడేలా చెప్పాడు.

"తొందర కాదు భంతే. ఇవాళ్టిదే సరైన గంట. ఈ పన్నెండు రోజులూ రోజురోజుకీ ఆలస్యంగా కొట్టా. నీడ నా గీత మీదకి రాకపోతే స్తంభాన్ని వంచా. మీ అందరి నియమం తప్పింది. తప్పు నాది, మీది కాదు."

వెనక వరసలో ఎవరో ముసలి భిక్షువు గట్టిగా నిట్టూర్చాడు. భద్దియ భంతే చేతిలో పండుని ఒకసారి చూసుకున్నాడు. పళ్ళెంలో పెట్టేశాడు. పళ్ళేన్ని కూడా కొంచెం దూరంగా జరిపాడు.

"నువ్వు మంచోడివనుకున్నా," అని గొణిగాడు. "మంచోడివే, అదే బాధ."

ఎవరో కిసుక్కున నవ్వారు.

అభయ భంతే లేచి చెయ్యి కడుక్కుని బండ దగ్గరికొచ్చాడు. ఒరిగిన స్తంభాన్ని చూశాడు, చీలలు లెక్కపెట్టాడు, తాడుని చూశాడు. తర్వాత విధికుడి మొహంలోకి చూశాడు.

"సరే నాయనా. మా ద్వీపం ఇక్కడికి ఇంకా చాలా దక్షిణాన ఉంది. అక్కడ మధ్యాహ్నపు నీడ ఎటు పడుతుంది? ఎన్నాళ్ళు అటు, ఎన్నాళ్ళు ఇటు?"

విధికుడు నోరు తెరిచాడు. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. మూసేశాడు.

"తెలీదు భంతే," అన్నాడు. "ఏడాది పొడుగునా ఒక్కరోజు వదలకుండా చూస్తే చెప్పగలను."

రేవత భంతే అప్పటికి చెయ్యి దించి, భుజం పిసుక్కుంటూ తాడు చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపకుండానే, గడ్డంతో విధికుణ్ణి చూపిస్తూ అభయ భంతేని అడిగాడు.

"ఓడలో ఇంకొకరికి చోటుందా?"